పద్యాలు హిట్స్‌లో రావు

తాతయ్య ట్రంకుపెట్టెలో దొరికిన ఆ క్యాసెట్టు మీద నీలం బాల్‌పెన్నుతో "ఘంటసాల – మంచివి" అని రాసి ఉంది. హిట్స్ అని కాదు, మంచివి అని. లోపలి అట్ట మీద రెండు వైపులా కలిపి పద్దెనిమిది పేర్లు. బి వైపు నాలుగు, ఐదు, ఆరు పేర్లు కొట్టేసి, వాటి పక్కన వేరే చేతిరాతతో మూడు యుగళగీతాల పేర్లు. ఆ కొట్టివేతలు ఎలా వచ్చాయో నాకు తెలుసు. నేనక్కడే ఉన్నాను.

1998 వేసవి సెలవులు. నాకు పదేళ్ళు. పామర్రు దగ్గర మా ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కి బెజవాడ వచ్చాం. బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక రికార్డింగ్ షాపు. అప్పట్లో మనకి కావలసిన పాటల పట్టికా, ఒక ఖాళీ క్యాసెట్టూ ఇచ్చి వస్తే రెండు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాళ్ళు. తాతయ్య రిటైరైన ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. రూళ్ళ కాగితం మీద నెంబర్లు వేసి, పాట పేరు, సినిమా పేరు, ఎవరి సంగీతమో కూడా రాసుకొచ్చాడు. షాపాయన పైనుంచి కిందికి టిక్కులు పెట్టుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు.

"మాస్టారూ, ఈ మూడూ పద్యాలండీ. పద్యాలు హిట్స్‌లో రావు. పద్యాల క్యాసెట్టు వేరే ఉంది, రెడీమేడుగా తీసుకెళ్ళండి."

"నేను హిట్స్ అడగలేదుగా నాయనా" అన్నాడు తాతయ్య.

"పైగా పుష్పవిలాపం ఒక్కటే రెండు పాటల చోటు తింటదండి. అరవై నిమిషాల క్యాసెట్టు ఇది. చూద్దాం లెండి."

చూశాడు. రెండ్రోజుల తర్వాత వెళ్తే మూడు పద్యాల చోట మూడు డ్యూయెట్లు ఉన్నాయి. తిరుగు బస్సులో తాతయ్య ఏమీ అనలేదు. ఉయ్యూరు దాటాక "పోన్లే, అవీ బాగానే పాడాడు" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

ఇప్పుడు నా ఉద్యోగం డేటాబేసులతో. షాపాయన మాట నాకు ఇన్నేళ్ళకి మళ్ళీ గుర్తొచ్చింది, తాతయ్య సంవత్సరీకానికి ఆ పట్టికని పెన్ డ్రైవులోకి ఎక్కిద్దామని కూర్చున్నప్పుడు. హిట్స్‌లో ఏమొస్తాయి, ఏవి రావు అన్నది ఎవరు తేల్చారు? జనమే తేల్చారని మనమంతా అనుకుంటాం. అట్ట మీద కొట్టివేతలు చూస్తే అలా అనిపించడం లేదు.

ఇది మన ఒక్కళ్ళ గొడవ కాదు. రాక్ సంగీతంలో "గ్రేటెస్ట్ హిట్స్" అన్నది ఒక ప్రత్యేకమైన సరుకు. 1976లో ఈగిల్స్ బ్యాండ్ హిట్స్ ఆల్బం వచ్చింది. బ్యాండ్ వాళ్ళకి అది ఇష్టం లేదు, కంపెనీకి అమ్మకం కావాలి. అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బం అదేనని 2018లో అక్కడి రికార్డుల సంఘం లెక్క తేల్చింది. అందులో 'హోటల్ కాలిఫోర్నియా' లేదు. ఆ పాట అదే ఏడాది డిసెంబరులో వచ్చింది, అప్పటికి హిట్స్ సంచీ మూతి కట్టేశారు. బీటిల్స్ '1' (2000) ఇంకా తమాషా. ఇంగ్లండులోనో అమెరికాలోనో నెంబర్ వన్‌కి చేరిన పాటలే ఉంచాలి అన్నది నియమం. దాంతో ఒకే రికార్డుకి ఒకవైపు ఉన్న 'పెన్నీ లేన్' లోపలికొచ్చింది, రెండోవైపు ఉన్న 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' బయటే ఉండిపోయింది. ఒకే పళ్ళెం, రెండు ముఖాలు, ఒకదానికే టికెట్టు. ఇక బాబ్ మార్లే చనిపోయిన మూడేళ్ళకి, 1984లో వచ్చిన 'లెజెండ్'లో కోపంగా ఉండే రాజకీయ పాటలు తగ్గించి ప్రేమ పాటలు ఎక్కువ పెట్టారు. ప్రపంచంలో చాలామందికి మార్లే అంటే ఆ ఒక్క ఆల్బమే. వాళ్ళకి తెలిసిన మార్లేకి కోపం తక్కువ.

ఒకచోట తేదీ, ఒకచోట చార్టు, ఒకచోట మార్కెట్టు. మరి మన దగ్గర? మనకి రాక్ బ్యాండ్లు లేకపోలేదు గానీ హిట్స్ క్యాసెట్టు వేసేంత పాత బ్యాండు లేదు. మన హిట్స్ ఎప్పుడూ గొంతు పేరుతోనో, హీరో పేరుతోనో వచ్చాయి. ఘంటసాల హిట్స్, ఘంటసాల–సుశీల యుగళగీతాలు, ఎన్టీఆర్ హిట్స్, ఏఎన్నార్ విషాద గీతాలు. ఈ అరల్లో అన్నిటికన్నా నలిగిపోయిన మనిషి ఘంటసాలేనని నా అనుమానం. ఎందుకంటే ఆయన ఒక అరలో పట్టే మనిషి కాదు.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. (ఘంటసాల అన్న ఊరు వేరే ఉంది, మన కృష్ణా జిల్లాలోనే, బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. ఆయన ఊరు అదే అనుకుని అక్కడికెళ్ళి ఫొటోలు దిగి వచ్చినవాళ్ళు నా స్నేహితుల్లోనే ఉన్నారు. ఆయనకది ఇంటిపేరు.) తండ్రి సూరయ్య నారాయణతీర్థుల తరంగాలు పాడేవాడు, మృదంగం వాయించేవాడు. పిల్లాడు ఆ తరంగాలకి ఆడేవాడు. తర్వాత విజయనగరం సంగీత కళాశాలలో చదువు, 1942 ఉద్యమంలో జైలు, ఆపైన మద్రాసు. సినిమాల్లో గొంతు ఎంత పెద్దదైందో, సంగీత దర్శకుడిగా పేరూ అంతే పెద్దది. మన దేశం, కీలుగుర్రం (రెండూ 1949), పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957), లవకుశ (1963) అన్నీ ఆయన సంగీతమే.

ఇప్పుడు "ఘంటసాల హిట్స్" అన్న అర తెరవండి. మా భాషలో చెప్పాలంటే అక్కడ వెతుకుతున్నది 'గాయకుడు' అన్న ఒక్క కాలమ్‌లో. లవకుశలో పిల్లలు రామకథ పాడే పాటలు తెలుగునాట ఎవరికి రావు? అవి పాడింది లీల, సుశీల. కనుక అవి వాళ్ళ హిట్స్‌లోకి వెళ్తాయి. ఆ బాణీలు కట్టిన మనిషి పేరున్న క్యాసెట్టులో అవి కనబడవు. పాతాళభైరవిలో ప్రేమలో పడ్డవాడి మీద జాలిపడే పాట వి.జె. వర్మ పాడాడు. అది ఎక్కడికీ పోదు, ఎందుకంటే వి.జె. వర్మ హిట్స్ అంటూ ఒక క్యాసెట్టు ఎవరూ వెయ్యలేదు. మాయాబజార్‌లో ఘటోత్కచుడి భోజనం పాట మాధవపెద్ది సత్యంది. రెండోవైపు నుంచి చూస్తే, ఘంటసాల హిట్స్‌లో తప్పనిసరిగా ఉండే దేవదాసు (1953) పాటలకి సంగీతం సి.ఆర్. సుబ్బురామన్. జగదేకవీరుని కథ (1961) బాణీలు పెండ్యాలవి. మాయాబజార్ పడవ పాట మరీ చిక్కు. తెర మీద పడే పేరు ఘంటసాల, కానీ ఆ బాణీ సాలూరు రాజేశ్వరరావుది. ఆయన నాలుగు పాటలకి వరసలు కట్టి తప్పుకున్నాక మిగతా సినిమా ఘంటసాల చేతికొచ్చింది. ఆ పాట ఎవరి హిట్టు? వెన్నెల్లో పడవ మీద కూచున్న ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, గుమ్మడి, అందరి హిట్స్‌లోనూ పెట్టొచ్చు.

దీన్నంతా "ఏముంది, పాట బాగుంటే చాలు" అని కొట్టెయ్యొచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ గొంతు ఒక్కటే చూసి ఏరితే మన చేతికొచ్చే మనిషి ఎవరు? హీరోకి గొంతు అరువిచ్చినవాడు. ఏఎన్నార్ తాగితే బొంగురుగా, ఎన్టీఆర్ గుర్రమెక్కితే హుషారుగా పాడినవాడు. నిజమే, అదీ ఆయనే. ఒక సినిమా మొత్తాన్ని ఒక చెవితో విని, ఎక్కడ పాట కావాలో, ఎక్కడ పద్యం చాలో తూచినవాడు మాత్రం ఆ క్యాసెట్టులో లేడు.

ఇక నిమిషాల సంగతి. పాత 78 ఆర్‌పీఎం రికార్డు ఒకవైపు మూడు నిమిషాల పైన కొద్దిగా పడుతుంది. మన సినిమా పాట నిడివి అలా ఉండటానికి కవిత్వ కారణాలు వెతకనక్కర్లేదు, లక్క పళ్ళెం వెడల్పు చాలు. తర్వాత ఈపీ వచ్చి వైపుకి రెండు పాటలు పట్టించింది. ఎల్పీ వచ్చి వైపుకి ఇరవై నిమిషాలిచ్చింది. క్యాసెట్టు ముప్ఫై నిమిషాలిచ్చింది. కానీ కొత్త పాత్రలోకి పోసింది పాత నీళ్ళే. హెచ్ఎంవీ, కొలంబియా లేబుళ్ళ మీద గ్రామఫోన్ కంపెనీ అప్పటికే అచ్చేసి పెట్టుకున్న మూడు నిమిషాల ముక్కల్లోంచే ఎల్పీలు, వాటిలోంచే క్యాసెట్లు, వాటిలోంచే ఇప్పటి సారెగమ కారవాన్ పెట్టె. తాతయ్యకి బాబాయ్ ఆ పెట్టె కొనిచ్చాడు. మీట తిప్పితే ఘంటసాల పేరు మీద ముల్లు ఆగుతుంది, వరసగా పాటలు. తాతయ్య వారం రోజులు విని, "వీడూ అవే వేస్తున్నాడ్రా" అన్నాడు.

నిడివి దాటినవన్నీ బయటే ఉన్నాయా అంటే, లేదు. జగదేకవీరుని కథలో రాయి కరిగే పాట మామూలు పాటకి దాదాపు రెట్టింపు ఉంటుంది. అయినా అది లేని హిట్స్ క్యాసెట్టు నేను చూళ్ళేదు. దర్బారీ కానడలో అంత పొడుగు పాటని జనం భుజాల మీద మోశారు. కాబట్టి జనానికి ఓపిక లేదనే వాదన నిలబడదు. ఆ పాటకి ఒక హీరో ఉన్నాడు, ఒక గొంతుంది, మొదలూ చివరా ఉన్నాయి, సినిమా ఆడింది. ఇవన్నీ ఉంటే నిమిషాలని క్షమిస్తారు.

ఇవేవీ లేనిది చూడాలంటే రహస్యం (1967) చూడాలి. లవకుశ తీసిన సంస్థే తీసింది. దర్శకుడు వేదాంతం రాఘవయ్య, కూచిపూడి మనిషి. సంగీతం ఘంటసాల. అందులో గిరిజా కల్యాణం అని ఒక యక్షగానం ఉంది. రాసింది మల్లాది రామకృష్ణశాస్త్రి, ఆయనదీ మా జిల్లాయే, చిట్టూర్పు. సినిమా విడుదలయ్యేనాటికి ఆయన లేడు. ఎంత ఖర్చుపెట్టినా సినిమా ఆడలేదు. కానీ ఆ యక్షగానం వినండి. దరువులు మారుతుంటాయి, నడకలు మారుతుంటాయి, పాత్రలు వచ్చి తమని తాము చెప్పుకుని పోతుంటాయి, ఒక రాగం తలుపు మూసేలోగా ఇంకో రాగం కిటికీ తీస్తుంది. ఇది కచేరీ సంగీతం కాదు, సినిమా పాటా కాదు. మా ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో భాగవతులు రాత్రంతా ఆడేదాన్ని ఒక మనిషి సినిమా నిడివిలోకి వంచిన పద్ధతి. తరంగాలకి ఆడుతూ పెరిగిన పిల్లాడు తప్ప ఇంకొకరు చెయ్యలేరేమో అనిపిస్తుంది నాకు. ఇది ఏ హిట్స్‌లోకి వెళ్తుంది? గొంతులు చాలా ఉన్నాయి, హీరో లేడు, సినిమా పోయింది, మూడు నిమిషాలు కాదు. నాలుగు జల్లెళ్ళలోనూ జారిపోయింది. తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళకి చెవిలో చెప్పుకునే రహస్యంగా ఉండిపోయింది. పేరు బలం కాబోలు.

ఇప్పుడు షాపాయన మాటకి వస్తాను. పద్యాలు.

కృష్ణా డెల్టాలో పాత తరంవాళ్ళకి సంగీతమంటే ముందు పద్యం. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడని ఊరు లేదు. కోతలయ్యాక పందిరి వేస్తే, పీసపాటి నరసింహమూర్తో, షణ్ముఖి ఆంజనేయరాజో కృష్ణుడి వేషం కట్టి రాయబారం పద్యం అందుకుంటే, జనం "వన్స్ మోర్" అని కేకలు. తాతయ్య చెప్పిందాన్ని బట్టి, ఒక్కో పద్యం మూడుసార్లు పాడించుకున్న రాత్రులున్నాయి, కృష్ణుడు హస్తినాపురం చేరేసరికి తెల్లారేది. రాగం ఎంత సేపు లాగితే అంత చప్పట్లు. అందులో ఆనందం ఉంది, ప్రమాదమూ ఉంది. రాగం ఒడ్డెక్కి మాట మునిగిపోయేది.

ఘంటసాల ఈ పందిరి కిందనుంచే వచ్చినవాడు. కానీ మైకు ముందు ఆయన చేసింది వేరు. శ్రీకృష్ణావతారం (1967) సినిమాలో అవే తిరుపతి వెంకట కవుల రాయబారం పద్యాలు ఎన్టీఆర్‌కి పాడాడు. సంగీతం టి.వి. రాజు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక పది సార్లు వింటే మూడు విషయాలు తెలుస్తాయి. ఒకటి, పద్యం యతి దగ్గర విరగదు, అర్థం దగ్గర విరుగుతుంది. గణాలు వాటంతటవి నడుస్తుంటాయి, ఆయన మాత్రం ఒక మనిషి ఇంకో మనిషితో మాట్లాడుతున్నట్టు ఆగుతాడు. రెండు, పేర్ల మీద బరువు పెట్టే తీరు. సభలో ఎవరివైపు చూసి అంటున్నాడో చెవికి తెలిసిపోతుంది. మూడు, రాగం. మొదట్లో ఒక్క రవ్వ, మాట అయిపోయాక చివర్లో కాస్త. అదీ చప్పట్ల కోసం కాదు. అన్నమాట అవతలివాడికి దిగడానికి ఇచ్చిన టైము అది. స్టేజి మీద పావుగంట పట్టిన పనిని రెండు నిమిషాల్లోకి తెచ్చాడు, ఏమీ పారెయ్యకుండా. వేరే రంగంలో అయితే దీన్ని కంప్రెషన్ అంటాం. నాకు తెలిసి తెలుగు గొంతులో ఇంత పెద్ద పని ఇంకొకటి జరగలేదు.

ఇంత పని జరిగినా అది హిట్స్‌లో రాదు. రాకపోవడానికి పద్యం స్వభావం కూడా కారణమే, ఒప్పుకోవాలి. పాటకి గోడలుంటాయి. పద్యానికి ఉండవు. దుర్యోధనుడి మాట ఇంకా గాల్లో ఉండగానే కృష్ణుడు అందుకుంటాడు. రాగం ఆగీ ఆగగానే ఎవడో పళ్ళు కొరుకుతాడు. విడిగా కత్తిరిస్తే అంచుల్లో రక్తం కారుతుంది. అందుకే కంపెనీలు 'ఘంటసాల పద్యాలు' అని వేరే క్యాసెట్టు వేశాయి. షాపాయన చెప్పింది అబద్ధం కాదు. ఆ క్యాసెట్టు తర్వాత నాన్న కొన్నాడు కూడా. వరసగా పాతిక పద్యాలు, ఒకదాని వెనక ఒకటి, భీముడు, రావణుడు, కృష్ణుడు, మళ్ళీ భీముడు. పది నిమిషాలకి తాతయ్యే ఆపేశాడు. భోజనంలో ఆవకాయ అడిగినవాడికి ఆవకాయ జాడీ ఇచ్చి ఇదే భోజనం అంటే ఎలా ఉంటుంది? తాతయ్య పట్టికలో పద్యాలు ఎక్కడ పెట్టాడో ఇప్పుడు చూస్తే అర్థమవుతోంది. ముందు మూడు మెత్తటి పాటలు, తర్వాత రెండు రాయబారం పద్యాలు, ఆ వేడి చల్లార్చడానికి పుష్పవిలాపం, మళ్ళీ ఒక తేలికపాటి డ్యూయెట్టు. ఆయన ఏరింది పాటల్ని ఒక్కటే కాదు, వరసని.

అన్నట్టు పుష్పవిలాపం సినిమాలోది కాదు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి పద్యాలకి ఘంటసాల కట్టి పాడిన ప్రైవేటు రికార్డు. పూలు కోయబోయిన మనిషితో పూలు మాట్లాడతాయి. హీరో లేడు, కథానాయిక లేదు, తెర లేదు. అయినా ఊరూరా మోగింది. ఏ హీరో మొహమూ అడ్డం రాకుండా ఘంటసాలని వినాలంటే ఇదే దారి.

జనం అడగలేదు కాబట్టి రాలేదనే వాదన ఉంది కదా, దాన్ని కొంచెం కదిపి చూడాలి. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. వివిధభారతిలో జనరంజని వినని ఇల్లు మా వైపు లేదు. కార్డు ముక్క మీద పాట పేరు, కింద ఇంటిల్లిపాది పేర్లు. అక్కయ్య రాస్తే నేను కింద సంతకంలా నా పేరు ఇరికించేవాణ్ణి. పాట కన్నా పేర్ల కోసం వినేవాళ్ళం, అదొక పిచ్చి. అయితే ఏ పాట అడుగుతాం? రేడియోలో వినొచ్చే పాట. వస్తుందని తెలిసిన పాట. రాదనుకున్నది అడిగి కార్డు వృథా చేసుకునేవాడు లేడు. నిన్న మోగింది ఇవాళ అడుగుతాం, ఇవాళ అడిగింది రేపు మోగుతుంది. ఇప్పటి యాప్‌లో ప్లే కౌంట్ చూసి పైకి తోసే అల్గారిథం చేసేదీ ఇదే. మా ఆఫీసులో దీన్ని ఫీడ్‌బ్యాక్ లూప్ అంటారు, దాని మీద మీటింగులు పెడతారు. జనరంజని కార్డు మీద ఏ మీటింగూ జరగలేదు.

ఇంకో సంగతి. ఒకప్పుడు హక్కులన్నీ ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి, వాళ్ళేది ఇస్తే అదే అనుకునేవాళ్ళం. మన చట్టంలో సౌండ్ రికార్డింగు మీద హక్కు 60 ఏళ్ళు. పాతాళభైరవి, మాయాబజార్ రికార్డులకి ఆ గడువు దాటిపోయింది. (రచన మీద హక్కు వేరే లెక్క, రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా. అంచేత ఇదంతా ఊరుమ్మడి చెరువు అనుకోకండి.) ఇవాళ యూట్యూబ్‌లో ఘంటసాల హిట్స్ అని కొడితే వచ్చే వీడియోలకి లెక్క లేదు. తలుపులు చాలావరకు తెరిచే ఉన్నాయి. లోపల కూచున్నవి మాత్రం పాత క్యాసెట్టు పాటలే, ఎక్కువ తక్కువగా అదే వరసలో. సంకెళ్ళు తీసేశాక కూడా చేతులు వెనక్కి పెట్టుకుని నడుస్తున్నట్టుంది.

హిట్స్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదని ఇక్కడ ఒకసారి చెప్పాలి. నేను ఘంటసాల దగ్గరికి వెళ్ళింది ఆ క్యాసెట్టు పట్టుకునే. కొట్టివేతల పక్కన షాపాయన పెట్టిన మూడు డ్యూయెట్లలో ఒకటి నాకు ఇప్పటికీ ప్రాణం. అవి నిజంగా మంచి పాటలు. కానీ పాతికేళ్ళ వయసులో ఒక మిత్రుడితో "ఘంటసాల అంతా ఒకటే రకం, ఏడుపు లేకపోతే డ్యూయెట్టు" అని నేనే అన్నాను. అలా అన్న రోజు తాతయ్య ఇంట్లోనే ఉన్నాడు, పక్క గదిలో. విన్నాడో లేదో తెలీదు.

ఇంతకీ బెజవాడ వీధుల్లో అన్నిటికన్నా ఎక్కువ వినబడే ఘంటసాల ఏది? మీరూ నాలాగే ఈ నేల మీద పెరిగితే జవాబు మీకు తెలుసు. ఒక వ్యాను నెమ్మదిగా వెళ్తుంటుంది, ముందు కొందరు నడుస్తుంటారు, పైన మైకులోంచి భగవద్గీత. దుకాణాల్లో మనుషులు ఒక క్షణం లేచి నిలబడతారు. 700 శ్లోకాల్లోంచి నూరు పైచిలుకు ఏరి, తెలుగు తాత్పర్యంతో పాడాడు. ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయాక ఆ రికార్డు బయటికొచ్చింది. అంటే ఆయన ఆఖరి పెద్ద పని కూడా ఒక ఏరివేతే, ఎల్పీ నిడివికి తగ్గట్టు. ఏ హిట్స్ పట్టికలోనూ లేకుండా అందరికీ కంఠతా వచ్చిన రికార్డు ఇదొక్కటే. పోయినవాళ్ళ దగ్గర పెట్టీ పెట్టీ ఇప్పుడు మామూలు రోజుల్లో ఎవరూ పెట్టుకోరు. ఉదయం పూట సరదాగా పెడితే అత్త పరుగెత్తుకొచ్చి ఆపేస్తుంది: "ఏంట్రా, ఇంట్లో ఎవరు పోయారని?"

నాకు దీని మీద చిన్న కోపం ఉంది. ఆ రికార్డులో ఆయన గొంతు ఏ హీరోదీ కాదు. అర్జునుడి నీరసం, కృష్ణుడి ఓర్పు, మధ్యలో తాత్పర్యం చెప్పే మాస్టారు, మూడూ ఒకే మనిషి. పద్యం దగ్గర నేర్చుకున్న విద్యంతా అందులో ఉంది. అర్థం దగ్గర ఆగడం, మాట దిగాక గానీ రాగం తియ్యకపోవడం. హిట్స్ ఒకవైపు ఆయన్ని డ్యూయెట్లకి కుదిస్తే, మనం ఇంకోవైపు చావుకి కుదించాం. మధ్యలో ఉన్న మనిషిని ఎక్కడ వెతకాలి? రెండేళ్ళ క్రితం తాతయ్యని తీసుకెళ్ళేటప్పుడు కూడా అదే పెట్టారు. కాలవ గట్టు మీద నడుస్తూ నేను వింటున్నది శ్లోకాన్ని కాదు, శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య ఆయన ఊపిరి తీసుకోవడాన్ని. స్పీకరు బాగోలేదు, అయినా అది వినబడింది.

సంవత్సరీకానికి పట్టిక తయారు చేస్తుంటే బాబాయ్ భుజం మీదుగా చూసి "ఈ మూడూ ఎవరు వింటార్రా? పిల్లలున్నారు, హిట్స్ పెట్టు" అన్నాడు. పుష్పవిలాపం తేలిగ్గానే దొరికింది. రాయబారం పద్యాలు రెండూ నాకు నచ్చేలా విడిగా దొరకలేదు. ఉన్నవాటిలో మొదటి మాట తెగిపోవడమో, చివరి రాగం మీద ఎవడో తన ఛానల్ పేరు చెప్పడమో. చివరికి సినిమాలోంచి నేనే కోశాను. అంచులు సాపు చెయ్యకుండా, ముందు మాట, వెనక మాట అలాగే ఉంచేశాను. సభలో గోల వినబడుతుంది, తర్వాత కృష్ణుడు.

బి వైపు నాలుగు, ఐదు, ఆరు. అక్కడే పెట్టాను. షాపాయన డ్యూయెట్లు మూడూ తియ్యబుద్ధి కాలేదు, పాతికేళ్ళు తాతయ్య వాటినీ విన్నాడు. చివర్లో పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటిగా చేర్చాను. పెన్ డ్రైవులో చోటుకేం కొదవ లేదు.